గేటు అవతలి ఇండ్లు

21 జనవరి 1979

బోర్డు పెట్టించాను. పసుపు రేకు మీద నల్లక్షరాలు — రామప్ప నగర్. నాయన పేరు. మదనపల్లె రోడ్డులో బస్సు దిగినవాడి కంటికి మొదట అదే కనిపించాలి. పెయింటరు పక్కన ఒక తామరపువ్వు కూడా వేశాడు, అడగకపోయినా. బాగానే ఉంది.

విజయ చూసి, "మీ నాయన ఈడ సెనక్కాయలు పండించినాడు. నువ్వు ఇండ్లు పండిస్తాండావు" అంది. మెచ్చుకుందో దెప్పిందో తెలియదు. పెళ్ళయి పుంగనూరు వచ్చి ఇన్నేళ్ళయినా కుప్పం నోరు కుప్పం నోరే.

28 జనవరి

మునిరత్నం ఇంట్లో పాలు పొంగించారు. మా ప్లాట్లలో లేస్తున్న కొత్తిండ్లలో మొదటి పక్కా ఇల్లు వాడిదే. బస్సు కండక్టరు... పలక చిన్నప్ప కొడుకు. చిన్నప్ప మా చేలో కూలి చేసినవాడు, ఊళ్ళో ఏ చాటింపుకైనా పలక, అదే డప్పు, కొట్టేది అతనే. ఇప్పటికీ నన్ను చూస్తే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "సామీ" అంటాడు. కొడుకు మాత్రం "రాన్నా, కూర్చోన్నా" అన్నాడు.

ఆ 'అన్నా' చెవిలో కొంచెం గుచ్చుకుంది. ఇక్కడ కాబట్టి రాస్తున్నాను.

కుర్చీ వేశారు. నీలం రంగు గోడ, సిమెంటు అరుగు. భార్య సుగుణమ్మ కాఫీ ఇచ్చింది. ఆరో నెల అట. చిన్నప్ప మాత్రం కొడుకు ఇంట్లోనే గడప దగ్గర కింద కూర్చున్నాడు, నేను కుర్చీలో ఉన్నానని. లేచి రమ్మని నేనూ అనలేదు.

15 ఫిబ్రవరి

మదనపల్లె పోయి వచ్చాను. ప్లాట్లు వేసే విద్య నేర్చుకున్నది అక్కడే. పోయినసారి వంకాయ తోట ఉన్నచోట ఈసారి వీధి ఉంది. ముందు సున్నం గీత, తర్వాత రాళ్ళు, తర్వాత పునాది, తర్వాత ఎవరింటి ముందో ముగ్గు. ఊరు కొండ వైపు పాకుతోంది. టమోటా లారీలు బజారు నిండా అడ్డం... బస్సు కదలడానికి అరగంట. తిట్టుకుంటున్నారు అందరూ. నాకు మాత్రం సంతోషంగా ఉండింది. మా ఊరు ఇట్లా ఎప్పుడవుతుందా అని.

పుంగనూరంటే కోట వీధి, బజారు వీధి, సంత. అంతే అనుకుని పెరిగాం. గేటు దాటితే చేన్లు. గేటంటే ఇప్పుడు గేటు లేదు — జమీందారు కాలంలో బండ్ల దగ్గర సుంకం వసూలు చేసిన చోటు. రెండు రాతి కంబాలు మిగిలాయి. అక్కడికి ఊరు సరి.

ప్లాట్లు అమ్మేటప్పుడు వచ్చిన ప్రతివాడికీ ఒకటే చెప్పాను. ఇది ఊర్లోదే అప్పా, గేటు దాటి బీడీ ముట్టించేలోపల వస్తుంది అని. నమ్మారు. నేనూ నమ్మాను.

3 మార్చి

పొద్దున్నే మునిరత్నం, ఇంకో నలుగురు వచ్చారు. చెప్పులు బయట విడిచి, వసారాలో నిలబడి.

"జాతర వస్తాండాది గదన్నా. ఈ ఏడు పొలి మా ఇండ్లను కూడా సుట్టుకోని రావల్ల."

పొలి సంగతి ఎన్నడూ ఆలోచించిందే లేదు. గంగమ్మ జాతర ముందు సాయంత్రం పొలి, అంటే ఎర్రన్నం, చల్లుకుంటూ ఊరి చుట్టూ తిరుగుతాం. ఆ గీత మూసుకున్నాక లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మర్నాడు పొద్దెక్కి అమ్మ ముందు అన్నం రాశి, కుంభం, పోసేదాకా అంతే. గీతకు లోపల ఉన్న ఇల్లే ఊరి ఇల్లు. ఆ ఇంటి బిడ్డలే అమ్మ బిడ్డలు.

"ముందర దివిటీ పట్టుకోని నడిసేది మీ ఇంటి మనిషే గదన్నా. మీరు యాడ తిరిగితే పొలి ఆడ తిరుగుతాది" అన్నాడు మునిరత్నం.

నిజమే. నాయన నడిచేవాడు. పోయినేడు మాకు మైల కాబట్టి గురవప్ప మామ నడిచాడు. ఈ ఏడు నేను.

"దానికేముంది, వస్తాను" అన్నాను.

వాళ్ళ మొహాలు చూడాలి. చిన్నపిల్లల్లాగా అయిపోయారు.

5 మార్చి

గురవప్ప మామకు చెప్పాలి. నాయన తర్వాత జాతర పెద్ద ఆయనే. రేపు చెప్తాను.

9 మార్చి

మామ సంతలో కనిపించాడు. ఎద్దు పండ్లు చూస్తున్నాడు. ఆ సమయంలో బాగుండదని ఊరుకున్నాను.

20 మార్చి

విజయ అడిగింది, "సెప్పినావా?" అని. చెప్తానన్నాను. "నోట్లో ఏమన్నా పెట్టుకోనుండావా?" అంది. కోపం వచ్చింది. అన్నం సగంలో లేచాను. లేచినందుకు మళ్ళీ నాకే ఆకలి.

2 ఏప్రిల్

చాటింపు వేశారు. చిన్నప్ప పలక. గేటు కంబాల దగ్గర నిలబడి కొట్టి, వెనక్కి తిరిగాడు. ఎప్పుడూ అంతే. తన కొడుకు ఇల్లు కంబాలకు అవతల కనిపిస్తూనే ఉంది.

10 ఏప్రిల్, పొద్దున

ఈ సాయంత్రం పొలి. మామకు చెప్పలేదు. చెప్పేదేముంది అసలు? నడిచేది నేను. నేను గేటు దాటి నడిస్తే వెనక అందరూ రాకుండా ఏం చేస్తారు, నిలబడిపోతారా? అదే మేలు. మాటలు లేకుండా అయిపోతుంది.

కొత్తిండ్ల వైపు పోయి చూసి వచ్చాను. ప్రతి వాకిట్లో పేడ నీళ్ళు, ముగ్గులు. గడపలకు పసుపు. వేపాకు తోరణాలు. సుగుణమ్మ ఇప్పుడు వంగలేదు, అరుగు మీద కూర్చుని వేరే ఆడవాళ్ళకు చెప్తోంది, ఎక్కడ ఏ ముగ్గు వేయాలో.

10 ఏప్రిల్, దీపాలు పెట్టాక

వెనక్కి తిరిగేశాను.

గేటు దగ్గరే.

11 ఏప్రిల్

కుంభం అయ్యాక పాలు పోసే ఆమె వచ్చి విజయకు చెప్పింది. సుగుణమ్మకు తెల్లారుజామున నొప్పులు వచ్చాయట, నెలలు నిండకుండానే. మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయారట. టమోటా లారీలో.

మన ఊరి ఆసుపత్రి గేటుకు ఇవతల, నడిచిపోయేంత దూరంలో ఉంటే... మదనపల్లె ఎందుకు? అని అడగబోయి ఆగాను. విజయ నా వైపు చూస్తోంది.

12 ఏప్రిల్

బిడ్డ దక్కలేదు. ఆడబిడ్డ. సుగుణమ్మ బతికింది.

13 ఏప్రిల్

రాయాలి. రాయకపోతే నాకు నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

కోట వీధి, బజారు, చెరువు కట్ట దారి — అన్నీ తిరిగి గేటు దగ్గరికి వచ్చాం. ముందు నేను, దివిటీ. నా పక్కన చిన్నప్ప, పలక. వెనక పొలి గంప. వాళ్ళ వెనక ఊరు. కంబాల అవతల దీపాలు కనిపిస్తున్నాయి, ప్రతి గడప మీదా. రోడ్డుకు అటూ ఇటూ మనుషులు నిలబడి ఉన్నారు, చెంబుల్లో పసుపు నీళ్ళు పట్టుకుని. మునిరత్నం తెల్ల చొక్కా వేసుకున్నాడు. డ్యూటీకి సెలవు పెట్టాడట ఆ రోజు.

నా వెనక గురవప్ప మామ దగ్గాడు. దగ్గి, మామూలుగా, "మీ నాయన ఈడే తిరిగేవాడు" అన్నాడు.

అంతే. ఆయన వద్దనలేదు. చెయ్యి పట్టుకోలేదు. ఆ ఒక్క మాటకు నేను తిరిగాను. కాళ్ళు అలవాటు కొద్దీ తిరిగాయని నిన్నంతా విజయకు చెప్పాను. అబద్ధం. ఆ దారిన నేను దివిటీతో నడవడం అదే మొదలు, నా కాళ్ళకు అలవాటెక్కడిది? వెనక ఉన్న మా వాళ్ళంతా ఏమనుకుంటారో అని తిరిగాను. కూలివాళ్ళ ఇండ్ల చుట్టూ అమ్మను తిప్పినాడు అంటారేమోనని.

చిన్నప్ప పలక ఒక్క దెబ్బ తప్పింది. తర్వాత సరిగ్గానే కొట్టాడు. నా వెనకే వచ్చాడు. కొడుకు ఇంటి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

14 ఏప్రిల్

జాతర బాగా జరిగిందని అందరూ అంటున్నారు. నడక మీ నాయన నడకే అని నలుగురు నాతో అన్నారు.

19 ఏప్రిల్

పోయాను. పోకుండా ఉండలేక పోయాను. పలకరించడానికి అని విజయతో చెప్పాను. తను రానంది. "నీ పలకరింపు నువ్వే సూసుకో" అంది.

మునిరత్నం కుర్చీ వేశాడు. ఆ కుర్చీయే. సుగుణమ్మ లోపల పడుకుని ఉంది, తలుపు ఓరగా. నేను ఏదో మొదలుపెట్టాను — మామ, అలవాటు, ఆ సందట్లో...

"వదిలేయన్నా" అన్నాడు.

తర్వాత తనే చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నొప్పులొస్తే ఆసుపత్రికనే బయల్దేరినాం. పొలి మూసేముందరే పలక ఇంకొకడికిచ్చి ఇల్లు చేరిన మా నాయన, నేను, మా సుగుణ. గేటు దాకా వచ్చినాం. రోడ్డు మీద పొలి అన్నం పడుండాది. ఆయమ్మే నిలబడిపోయె. మూసినాక దాటితే బిడ్డకు కీడు, వద్దనె. నాయన కూడా వద్దనె. నాక్కూడా... ఏం సెప్పేదన్నా, నాక్కూడా కాలు పడలా."

"ఎవరైనా ఆపారా?" అన్నాను. ఎవరైనా ఆపి ఉంటే బాగుండునని ఆశ. ఛీ.

"ఎవురూ లేరన్నా ఆడ. మేమే ఆగినాం."

లారీ గేటు వదిలి ఎంత దూరం పోయిందో, ఎక్కడ ఆగిందో... చెప్పాడు. రాయలేను.

నాకు కాఫీ వచ్చింది. తాగాను. గ్లాసు కడిగి పెడదామని లేచాను. చిన్నప్ప ఆ గ్లాసు తీసుకున్నాడు, "ఉండనీ సామీ" అని.

20 ఏప్రిల్

గురవప్ప మామ అరుగు మీద మాట వచ్చింది. మామ అన్నాడు, "సూసినారా, ఎంత కష్టమొచ్చినా పొలి దాటలా వాళ్ళు. భక్తంటే అది."

మెచ్చుకున్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు, కపటం లేదు. అందరూ తల ఊపారు. నా తల కూడా ఊగిందనుకుంటాను.

8 మే

మదనపల్లె పోవాల్సి వచ్చింది. మునిరత్నం ఏ బస్సు మీద ఉన్నాడో ముందు కనుక్కున్నాను. వేరే బస్సు ఎక్కాను. నిలబడే పోయాను, గంటసేపు.

2 జూన్

కొత్తిండ్ల మూల బోరింగు వేయించాను. చేతి పంపు. పది ఆఫీసులు తిరిగాను దానికోసం. నీళ్ళు మంచివే పడ్డాయి. ఆడవాళ్ళు బిందెలు తెచ్చి, "మంచి పని సేసినారన్నా" అన్నారు. మనసు తేలికవుతుందనుకున్నాను.

విజయ అడిగింది, "ఆ మూలే ఎందుకు? సుగుణ వాళ్ళ ఇంటికి దూరం గదా."

ఆ మూల పక్కన అమ్ముడుపోని ప్లాట్లు ఉన్నాయి నావి. ఆ సంగతి నాకు తట్టనే లేదు అనుకున్నాను. తట్టలేదా? ఏమో. నా బుద్ధిని నేనే నమ్మడం లేదు ఈ మధ్య.

17 జూన్

తప్పించుకోలేకపోయాను. బస్సు కదిలాక చూస్తే మునిరత్నం. టికెట్లు కొడుతూ నా సీటు దాకా వచ్చి, "యాడికన్నా?" అన్నాడు, ప్రతివాడినీ అడిగినట్టే. చెప్పాను. టికెట్ చింపి ఇచ్చి ముందుకు పోయాడు. అంతకంటే ఏమీ లేదు. దారి పొడుగునా వాడి వీపు చూస్తూ కూర్చున్నాను.

6 ఆగస్టు

గేటు అవతల కొత్త స్టాపు పెట్టారు. కొత్తిండ్ల ముందు. సైకిల్ షాపు వచ్చింది, టీ కొట్టు వచ్చింది, చౌడేపల్లె నుంచి కూరగాయల బుట్టలు తెచ్చేవాళ్ళు ఇప్పుడు అక్కడే దింపుతున్నారు. కండక్టర్లు "కొత్తూరు, కొత్తూరు" అని అరుస్తున్నారు. ఎవరు పెట్టారో ఆ పేరు.

నా బోర్డు వంగింది. ఎద్దు రుద్దుకుందట. సరిచేయించలేదు.

11 అక్టోబరు

పాత ఇల్లు బ్యాంకు వాళ్ళకు బాడుగకు ఇచ్చాను. నడిమింట్లో కౌంటరు పెడతారట. నాయన మంచం వేసుకున్న చోట ఇనప పెట్టె వస్తుంది. ఊరు పెరుగుతోంది అని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పింది నేనే కదా, మా ఇంట్లోకే వచ్చింది.

రోడ్డు పక్క మొదటి ప్లాటులో మా కొత్తిల్లు తయారు. గేటు దాటిన వెంటనే. అంటే ఇక నేనూ గేటు అవతలివాణ్ణే.

25 అక్టోబరు

ఇల్లు చేరాం. విజయ వచ్చిన రోజే నేరుగా సుగుణమ్మ దగ్గరికి పోయింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. చీకటి పడ్డాక వచ్చి వంట మొదలుపెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిగడ్డలు అంది.

19 జనవరి 1980

కుప్పం. విజయ చిన్నాయన కూతురి పెళ్ళి. ఇక్కడ ఒక మాట తెలుగు, ఒక మాట అరవం, బేరాలు కన్నడం. రైలు స్టేషన్ అవతల ఇదివరకు ముళ్ళకంపలు. ఇప్పుడు వీధులు, రాళ్ళు కోసే పట్టెడ ఒకటి. విజయ నాయనతో నడుస్తూ అడిగాను, మీ గంగమ్మ జాతరప్పుడు ఈ ఇండ్ల సంగతేమిటి అని.

"ఏటికొక వీధి కలుపుకుంటాం" అన్నాడు.

"ఎవరు నిర్ణయిస్తారు?"

"ఇల్లు కట్టినోడు వచ్చి పిలుస్తాడు. పోతాం. దాంట్లో నిర్ణయించేదానికి ఏముండాది?"

పెళ్ళి భోజనానికి కూర్చోకుండా బయల్దేరాను. బస్సుకు వేళయిందన్నాను.

24 ఫిబ్రవరి

గురవప్ప మామ ఇంటికి పోయాను. ఈసారి వాయిదా వేయలేదు. కాఫీ రాకముందే చెప్పేశాను — ఈ ఏడు పొలి కొత్తూరు చుట్టి రావాలి, నేను నడిపిస్తాను, మీరు ఏమన్నా సరే.

తగాదాకు సిద్ధపడి పోయాను. ఏమేం అనాలో దారిలో బట్టీ పట్టాను.

మామ కాలు గోక్కుంటూ, "సరేలేరా. ఆడ రేషను షాపు కూడా వచ్చె గదా ఇప్పుడు. ఊరే" అన్నాడు.

అంతే. కాఫీ చల్లారకముందే అయిపోయింది.

"పోయినేడు అడిగి ఉంటే?" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

"అడగలా గదా నువ్వు" అన్నాడు మామ. "అడిగింటే ఏమో... సూసేవాళ్ళం."

25 ఫిబ్రవరి

ఒక్క మాట. అడిగి ఉంటే సరిపోయేది. ఒప్పుకోకపోయినా, కనీసం పొలి రాదని వాళ్ళకు ముందే చెప్పి ఉండేవాణ్ణి. నెలలు నిండుతున్న మనిషిని ఊళ్ళో ఎవరింట్లోనైనా పెట్టుకునేవాళ్ళు ముందే. మా ఇంట్లోనే పెట్టేవాళ్ళం. విజయ పెట్టేది.

గంగమ్మ మీదా కోపం రాదు, గురవప్ప మామ మీదా రాదు. వస్తే హాయిగా ఉండేది.

2 మార్చి

మునిరత్నం ఇంటికి పోయాను. దాదాపు పరిగెత్తినట్టే పోయాను. సిగ్గు లేదు నాకు. ఏదో బహుమానం తెచ్చినవాడిలాగా, "ఈ ఏడు పొలి మీ ఇండ్లు చుట్టి వస్తుంది. మామ కూడా ఒప్పుకున్నాడు" అన్నాను.

మునిరత్నం చిన్నప్ప వైపు చూశాడు. చిన్నప్ప ఇప్పుడు అరుగు మీద కూర్చుంటున్నాడు, గమనించాను. నేను నిలబడే ఉన్నా లేవలేదు.

"వద్దు సామీ" అన్నాడు చిన్నప్ప.

మునిరత్నం చెప్పాడు, నింపాదిగా. "మా అమ్మను మేము పెట్టుకుంటాండాం అన్నా. వేపచెట్టు కింద రాయి నిలబెడతాండాం. పొలి మాది మేము తిరుగుతాం. నాయన ఈ ఏడు ఆడ పలక కొట్టడు, ఈడే కొడతాడు. మీ పెద్దలకు సెప్పండి, యాడన్నా మనుషుల్ని సూసుకోమని."

"కోపమా?" అన్నాను.

"కోపం కాదన్నా. మాది కూడా ఊరే గదా."

3 మార్చి

మామ ఎగిరాడు మొదట. ఊరును రెండు చేస్తారా అని. తర్వాత చల్లబడి చౌడేపల్లె నుంచి పలకలవాళ్ళను మాట్లాడమన్నాడు. "నువ్వు మాత్రం రావల్ల. మీ ఇంటోళ్ళు లేకుండా పొలి ఎప్పుడూ కదల్లా" అన్నాడు. వస్తానన్నాను. ఎంత సులువుగా వస్తాయో నా నోటికి వస్తాననే మాటలు.

16 మార్చి

వేపచెట్టు కింద రాయి నిలబెట్టారు. విజయ పోయి పసుపు పూసి వచ్చింది. నన్ను ఎవరూ పిలవలేదు. రోడ్డు మీద నిలబడి చూశాను.

29 మార్చి

రెండు చాటింపులు. పొద్దున ఊళ్ళో చౌడేపల్లె పలక, సాయంత్రం ఇక్కడ చిన్నప్ప పలక. పేరు విని తెలుసుకోనక్కర్లేదు, దెబ్బ విని చెప్పొచ్చు ఏది ఎవరిదో. రెండు జాతరలూ ఒకే రోజు. అమ్మ వారం అదే కదా, ఇంకెప్పుడు పెట్టుకుంటారు. అంటే రెండు పొలీలూ ఒకే సాయంత్రం.

7 ఏప్రిల్

రేపు. గురవప్ప మామ కబురు పంపాడు, దివిటీకి నూనె గుడ్డలు సిద్ధంగా ఉన్నాయని.

8 ఏప్రిల్, పొద్దున

విజయ తెల్లవారకముందే వాకిలి కడిగింది. గడపకు పసుపు పెట్టింది. దేనికి అని అడిగాను. "వస్తారు గదా" అంది. ఎవరు అని అడగలేదు.

వచ్చారు. మునిరత్నం, చిన్నప్ప, వెనక సుగుణమ్మ. ఏడాది తర్వాత ఆమెను ఇంత దగ్గరగా చూడడం. చిక్కింది. కుర్చీలు వేశాను. ముగ్గురూ కూర్చున్నారు. నేను నిలబడ్డాను.

మునిరత్నం అన్నాడు, "సాయంత్రం మా పొలి. మీ ఇల్లు మొదట్లో ఉండాది. మిమ్మల్ని కలుపుకోని తిరగమంటారా, వదిలేసి తిరగమంటారా?"

నేను ఏదో అనబోయాను.

"కలుపుకుంటే ఇంక మీరు లోపల. రేపు కుంభం పోసేదాకా గేటు దాటేదానికి లేదు. ఆడ దివిటీ పట్టుకునేదానికి కాదు. వదిలేస్తే మీ ఇష్టం, మాకేం బాధ లేదు. మీరు ఎట్ల సెప్తే అట్ల."

కోర్టు మాటలాగా చెప్పలేదు. బస్సులో ఎక్కడ దిగాలని అడిగినట్టు అడిగాడు.

ఒక వైపు నాయన, ఆయన నాయన నడిచిన దారి. మామకు ఇచ్చిన మాట. నేను పోకపోతే మా ఇంటి పేరు ఆ పొలి నుంచి పోతుంది, ఇక తిరిగి రాదు. ఇంకోవైపు... ఇంకోవైపు ఈ గడప. కలుపుకోమంటే, పోయినేడు చేసిందానికి క్షమించండి అన్నట్టు ఉంటుంది — నోరు తెరిచి అడక్కుండానే క్షమ దొరికించుకున్నట్టు. వదిలేయమంటే, మళ్ళీ గేటు దగ్గర తిరిగినట్టే.

"సాయంత్రం చెప్తాను" అన్నాను. మళ్ళీ వాయిదా.

లేచారు. గడప దగ్గర సుగుణమ్మ ఆగింది. నాతో ఆమె ఎన్నడూ నేరుగా మాట్లాడలేదు, కాఫీ తీసుకోండి అనడం తప్ప.

"మమ్మల్ని ఎవురూ అడగలా అన్నా" అంది. "పొలి రాదని ముందే సెప్పింటే నేను పుట్టింటికి పోయుందును. అందుకే మేము అడిగేదానికి వచ్చినాం."

8 ఏప్రిల్, మధ్యాహ్నం

అన్నం పెట్టింది విజయ. తిన్నాను. తను ఏమీ అడగలేదు. నేనేం చేయాలో చెప్పు అని నేనే అడిగాను తనను.

"నేనెందుకు సెప్తా" అంది. "పోయినేడు మీ మామ సెప్పినాడు. ఈ ఏడు నేను సెప్తే, ఇంక నువ్వెప్పుడు?"

8 ఏప్రిల్, పొద్దు వాలుతోంది

మామ మనిషి సైకిలు మీద వచ్చాడు. చౌడేపల్లెవాళ్ళు దిగారట, అందరూ చేరారట, నాకోసమే ఆగారట. వస్తున్నానని చెప్పనా అంటున్నాడు. గేటు వైపు నుంచి పలక వినిపిస్తోంది. వేపచెట్టు వైపు నుంచి ఇంకా ఏమీ లేదు.

సైకిలు స్టాండు వేసి వాకిట్లో నిలబడ్డాడు. విజయ మజ్జిగ ఇచ్చింది.

ఇప్పుడు వేపచెట్టు దగ్గర కూడా మొదలైంది. చిన్నప్ప. దగ్గరికి వస్తోంది. మా ఇల్లే మొదటిది.